బొంత మీద గీత: ఆరేళ్లు వాడి చూశాక

ఈ ఆరేళ్లలో చిన్నవీ పెద్దవీ కలిపి ముప్ఫైకి పైగా బొంతలు కుట్టాను. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కుట్టడానికి ముందు గీసిన గీత పోకపోతే మాత్రం ఇక చేసేదేమీ ఉండదు. అందుకే సూదీ దారం కొనేటప్పటి కంటే గీత గీసే వస్తువు కొనేటప్పుడే నేను ఎక్కువ ఆలోచిస్తాను. విజయనగరంలో దొరికినవీ, ఆన్‌లైన్లో తెప్పించుకున్నవీ దాదాపు అన్నీ వాడాను.

మా అమ్మమ్మది పొందూరు పక్కన పల్లె. ఆవిడ ఏనాడూ గీత గీయలేదు. పాత చీరలు నాలుగు మడతలు పరిచి, అంచు నుంచి బొటనవేలు వెడల్పు కొలుచుకుంటూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చేసేది. నేను మొదటిసారి పెన్ను పట్టుకుని మామిడి పిందెలు గీస్తుంటే, "ఏటే గుంటా, బొంతకి ఇన్ని గీతలేటి?" అంది. చుట్టు వరసల బొంతకు గీత అక్కర్లేదన్న మాట నిజమే. కానీ మెలికల ముగ్గు లాంటి డిజైను బొంత మీదకు రావాలంటే, నా చేతికైతే గీత ఉండాల్సిందే.

నేను మొదట కొన్నది నీళ్లకు పోయే నీలం పెన్ను. లేత రంగు నూలు గుడ్డ మీద ఇంత స్పష్టంగా కనిపించే గీత ఇంకే వస్తువుతోనూ రాలేదు. వారాల తరబడి కుట్టినా చెక్కుచెదరదు. కానీ దీనికి కొన్ని నియమాలున్నాయి, అవి నేను నష్టపోయాకే తెలుసుకున్నాను. రెండో బొంత పూర్తవగానే బట్టల సబ్బు పెట్టి ఉతికేశాను. నీలం పోయింది, దాని జాగాలో లేత గోధుమ రంగు గీతలు మిగిలాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. సబ్బులోని క్షారం తగిలినా, ఇస్త్రీ వేడి తగిలినా ఈ సిరా గుడ్డలోనే ఉండిపోవచ్చు. ముందు ఉత్త చన్నీళ్లే పెట్టాలి. అది కూడా చిలకరిస్తే చాలదు. చిలకరిస్తే సిరా లోపలి దూదిలోకి దిగి, ఆరేటప్పుడు మళ్లీ పైకి వస్తుంది. పెద్ద టబ్బులో బొంత మొత్తం మునిగేలా నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, ఆ తర్వాతే సబ్బు. ఈ పద్ధతి పట్టుకున్నాక నాకు ఒక్క గీత కూడా మిగల్లేదు.

పొందూరు ఖద్దరు మీద మాత్రం ఈ పెన్ను వాడకండి. చేత్తో వడికిన నూలు కదా, పోగు అంతటా ఒకే మందంలో ఉండదు. పెన్ను ములుకు పోగుల్లో చిక్కుకుంటుంది, సిరా పోగు వెంట పాకి గీత లావెక్కుతుంది. అలాంటి గుడ్డకు సుద్దే మేలు.

ఆన్‌లైన్ వీడియోలన్నిటిలో మెచ్చుకునేది వేడికి పోయే పెన్నునే. ఇస్త్రీ పెట్టె తగలగానే గీత మాయమవుతుంటే నాకూ ముచ్చటేసింది. ఏడాది పాటు వేరే పెన్ను ముట్టలేదు. అసలు సంగతేమిటంటే ఆ సిరా గుడ్డలోంచి పోదు, 60 డిగ్రీల దగ్గర రంగు మాత్రమే పోగొట్టుకుంటుంది. సున్నాకు బాగా దిగువన, మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల చలి తగిలితే ఆ రంగు తిరిగి వస్తుంది. మన ఊళ్లలో అంత చలి ఎక్కడిదని నేను పట్టించుకోలేదు. కెనడాలో ఉన్న మా అప్ప కూతురికి బాబు పుడితే తెల్ల గుడ్డ మీద తామరపూల బొంత కుట్టి పంపాను. జనవరిలో ఒక రాత్రంతా ఆ బొంత కారు డిక్కీలో ఉండిపోయింది. పొద్దున్నే ఫోటో పెట్టింది, "పిన్నీ, దీని మీద ఎవరో పెన్నుతో గీశారు" అని. నేను గీసిన ప్రతి రేకూ, తప్పు గీసి ఇస్త్రీతో చెరిపేసిన రేకులతో సహా, నల్లగా తేలి ఉన్నాయి. ఇస్త్రీ చేయమన్నాను, పోయాయి. మళ్లీ చలికాలం వస్తుందిగా, ఆ టెన్షన్ నాకు ఇంకా తీరలేదు.

దీనికి ఎదురు సమస్య మన దగ్గరే ఉంది. మే నెలలో సగం కుట్టిన బొంతను కారు వెనక అద్దం కింద పెట్టి శ్రీకాకుళం వెళ్లాం. దిగేసరికి ఎండ పడిన వైపు గీతల్లేవు. మళ్లీ గీసుకోవడానికి ఒక పూట పట్టింది. ముదురు రంగు గుడ్డల మీదైతే వేడికి రంగు పోయినా తెల్లటి చార కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఆ పెన్నును కుట్టు మార్జిన్లకు, అంటే లోపలికి మడిచేసే చోట్లకు మాత్రమే వాడుతున్నాను. ఒకరికి ఇచ్చే బొంత మీద ఇక గీయను.

గాలికి పోయే ఊదా పెన్ను గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. తేమ ఎక్కువున్న గాలిలో అది ఇంకా త్వరగా పోతుంది. మన సముద్రపు గాలికి, అందులోనూ వానాకాలంలో, ఈ చివర గీస్తుండగా ఆ చివర చెరిగిపోతుంది. జాకెట్టుకు హుక్కుల గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది. బొంతకు పనికిరాదు.

గంటస్తంభం దగ్గర టైలరింగ్ సామాన్ల కొట్లలో దొరికే మూడు మూలల సుద్దబిళ్ల చవక, నమ్మకమైనది. కానీ అందులో రెండు రకాలున్నాయి. మట్టితో చేసింది దులిపితే పోతుంది. మైనం కలిపింది ఇస్త్రీ తగిలితే కరిగి నూనె మరకలా నిలిచిపోతుంది. కొనే ముందు వేళ్ల మధ్య రుద్ది చూడండి, జిడ్డుగా తగిలితే వద్దు. ఇంటికి తెచ్చాక కాగితం మీద గీసి ఇస్త్రీ పెట్టినా తెలిసిపోతుంది. అంచు మొద్దుబారితే గీత వేలంత లావవుతుంది కాబట్టి బ్లేడుతో చెక్కుకుంటూ ఉండాలి. సుద్ద గీత నాలుగు రోజులకు మించి నిలవదు. అందుకే పై గుడ్డ, దూది, కింది గుడ్డ మూడు పొరలూ పరిచి టాకాలు వేసుకున్నాక, ఆ రోజు కుట్టే జానెడు మేరకే గీసుకుంటాను. పెన్ను అలా కాదు. దూది మీద పరిచాక పెన్నుతో గీస్తే గుడ్డ కదిలిపోతుంది, కాబట్టి పొరలు కలపకముందే బల్ల మీద గీసేయాలి. చక్రం ఉన్న సుద్దపొడి పెన్ను కూడా కొన్నాను. గీత వెంట్రుకంత సన్నగా వస్తుంది, తిరిగే ఒంపులకు దాని తర్వాతే ఏదైనా. వానాకాలంలో మాత్రం లోపల పొడి గడ్డకట్టి చక్రం తిరగదు.

ముదురు చీరలకు నేను ఎప్పుడూ వాడేది అరిగిపోయిన స్నానపు సబ్బు ముక్క. రంగు, వాసన, క్రీములు లేని తెల్ల సబ్బు అయితేనే. క్రీము సబ్బు జిడ్డు మరక చేస్తుంది. వారం రోజులు ఎండబెడితే అంచు గట్టిపడి సన్నటి గీత వస్తుంది. ఉతికితే తనంతట తనే పోతుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది రంగే లేని వస్తువు. జపాన్ వాళ్లు హెరా అంటారు, మొద్దుగా ఉండే చిన్న కత్తిలాంటి ప్లాస్టిక్ ముక్క. గుడ్డ మీద గట్టిగా లాగితే మడత గీత పడుతుంది. చెరపాల్సిన రంగే లేదు కాబట్టి భయమే లేదు. కింద దూది పొర ఉండాలి, గుడ్డ సాదాగా ఉండాలి; పూల ప్రింటు మీద గీత కనపడదు, పాలిస్టర్ మీద నిలవదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు గుడ్డ మీదైతే రెండు మూడు రోజులు చక్కగా నిలుస్తుంది. దీపం పక్క నుంచి పడేలా పెట్టుకుంటే ఇంకా బాగా కనిపిస్తుంది. అమ్మమ్మకు చూపిస్తే చేతిలో తిప్పి చూసి, పక్కన పెట్టి, తన బొటనవేలి గోరుతో గుడ్డ మీద గీత లాగి చూపించింది. అంతే స్పష్టంగా పడింది.

మగ్గం పని వాళ్లు డిజైను కాగితానికి సూదితో చిల్లులు పెట్టి, కిరోసిన్‌లో కలిపిన పొడి రుద్దే పద్ధతి కూడా ప్రయత్నించాను. పలచటి జాకెట్టు గుడ్డకు అది సరిపోతుంది. బొంత మీద ఆ కిరోసిన్ దూదిలోకి దిగి నెల రోజులు వాసన వదల్లేదు. చిల్లుల కాగితం మాత్రం ఉంచుకుని సుద్దపొడి మూట అద్దుతున్నాను. ఒకే పిందె ఇరవైసార్లు రావాలంటే పాత ఎక్స్‌రే ఫిల్మును ఆ ఆకారానికి కత్తిరించి చుట్టూ గీస్తాను.

ఏ బొంత మొదలుపెట్టినా, అదే గుడ్డ ముక్క మీద నా దగ్గరున్నవన్నీ ఒక్కో గీత గీసి, కొంచెం దూది పెట్టి కుట్టి, ఆ ముక్కను రెండు రోజులు అలాగే ఉంచుతాను. తర్వాత సగం ఇస్త్రీ చేసి, సగం చన్నీళ్లలో నానబెట్టి, చివరికి ఒక రాత్రి ఫ్రిజ్ ఫ్రీజర్లో పెడతాను. ఈ చివరిది కెనడా బొంత తర్వాత మొదలైంది. ఇప్పుడు అదే బాబు తమ్ముడికి ఇంకో బొంత మొదలుపెట్టాను. పూర్తిగా హెరాతోనే, మధ్యలో రెండు తామరలకు మాత్రం సబ్బు ముక్కతో.