రోమ్‌లో కొడుకు విడుదల: మూడు అమ్మకాలా, ఒక్క మాటా?

రోమన్ చట్టం ప్రకారం కొడుక్కి నలభై ఏళ్లొచ్చినా, పెళ్లై పిల్లలున్నా, తండ్రి బతికున్నంత కాలం ఆయన అధికారం కిందే ఉండాలి. సైన్యంలో సంపాదించినది లాంటివి తప్ప ఆస్తి కూడా తండ్రిదే. ఆ అధికారం నుంచి పిల్లల్ని విడిపించడమే ఎమాన్సిపేషియో.

పాత పద్ధతికి మూలం క్రీ.పూ. 450 ప్రాంతపు పన్నెండు పలకల శాసనం. తండ్రి కొడుకుని మూడుసార్లు అమ్మితే కొడుకు స్వతంత్రుడు అంటుందది. బహుశా అమ్ముకునే తండ్రికి వేసిన కళ్లెం. న్యాయవేత్తలు దాన్నే విడుదలకు దారిగా మలిచారు, ఆ తెలివి నాకెంతో నచ్చుతుంది. ఐదుగురు సాక్షులు, త్రాసు పట్టుకునే మనిషి, ఒక కంచు ముక్క. నమ్మకస్తుడైన స్నేహితుడు లాంఛనంగా కొని వదిలేస్తాడు, కొడుకు మళ్లీ తండ్రి కిందికే వస్తాడు. రెండోసారీ అంతే. మూడో అమ్మకంతో బంధం తెగుతుంది. అప్పుడు స్నేహితుడు కొడుకుని తిరిగి తండ్రికే అప్పగించేవాడు, చివరి విడుదల తండ్రే చేసేలా. చివరి విడుదల ఎవరు చేస్తే కొన్ని వారసత్వ హక్కులు వాళ్లవి మరి. కూతురికీ మనవలకీ ఒక్క అమ్మకం చాలు.

క్రీ.శ. 502లో అనస్తాసియస్ చక్రవర్తి వేరే దారి తెరిచాడు. చక్రవర్తి అనుమతి పత్రాన్ని న్యాయాధికారి దగ్గర నమోదు చేస్తే సరి, కొడుకు దూరదేశంలో ఉన్నా ఫర్వాలేదు. 531లో జస్టీనియన్ చక్రవర్తి ఉత్తుత్తి అమ్మకాలనే ఎత్తేశాడు. అధికారి ముందు మాట చెబితే చాలు.

నా ఓటు కొత్త పద్ధతికే. సులువైనందుకు కాదు. పసివాళ్లు కాకపోతే పిల్లల సమ్మతి కూడా కావాలని అనస్తాసియస్ అడిగినందుకు.