పది మీటర్లకో రంగు: టెమగామిలో ఆరు వేసవులు వాడిన జిగ్గింగ్ దారం

జిగ్గింగ్‌కి, అంటే బరువున్న గాలాన్ని నిట్టనిలువుగా దించి ఆడిస్తూ చేపలు పట్టడానికి, వాడే ఈ దారం గురించి రాయాలని మూడేళ్ళ క్రితమే అనుకున్నాను. అప్పుడే రాసి ఉంటే మొత్తం పొగడ్తే అయ్యేది. 2019 నుంచి ఆరు వేసవులు వాడాను. పొగడ్త ఇప్పటికీ ఉంది, కానీ దాని పక్కన చెప్పి తీరాల్సినవి కొన్ని వచ్చి చేరాయి.

ఎనిమిది పోగులతో జడలా అల్లిన దారం (బ్రెయిడ్), 20 పౌండ్ల బరువు ఆపేది, 200 మీటర్ల చుట్ట. సన్నగా ఉంటుంది, సాగదు, గట్టిగా ఉంటుంది అన్నవి బ్రెయిడ్ వాడే వాళ్ళందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దీనికి పది మీటర్లకోసారి రంగు మారుతుంది. నీలం, ఆకుపచ్చ, నారింజ, గులాబీ, పసుపు, మళ్ళీ నీలం. మధ్యలో మీటరుకో చిన్న నల్ల గుర్తు. సముద్రంలో పడవ మీద నుంచి జిగ్గింగ్ చేసేవాళ్ళకి బాగా అలవాటైన దారం ఇది. నేను మాత్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, కెనడాలోని ఉత్తర ఒంటారియోలో, కెనూ అనే తెడ్డు పడవలో కూర్చుని వాడుతున్నాను.

టెమగామి సరస్సు టొరంటోకి ఉత్తరంగా 11వ నంబరు హైవే మీద ఐదారు గంటల దారి. అక్కడి అనిషినాబే ఆదివాసుల భాషలో ఆ పేరుకి 'ఒడ్డు పక్కనే లోతు నీళ్ళు' అని అర్థం. అది ఎంత నిజమో కెనూలో వెళ్తే తెలుస్తుంది. బండ మీద చెయ్యి ఆనించి ఆగిన చోటే కింద ఇరవై ముప్ఫై మీటర్లు ఉంటుంది. జూలైలో పై నీళ్ళు వేడెక్కేసరికి లేక్ ట్రౌట్ అనే చేప చల్లదనం వెతుక్కుంటూ కిందికి దిగిపోతుంది. దానికి పది డిగ్రీల దగ్గరి నీళ్ళు కావాలి. స్మాల్‌మౌత్ బాస్ అనే చేప అలా కాదు. పైనే, నాలుగైదు మీటర్లలో, రాళ్ళ సందుల్లో రొయ్యల్లాంటి క్రేఫిష్‌లని ఏరుకు తింటూ ఉంటుంది. బాస్‌ని కంటితో రాళ్ళు చూసి వెతకొచ్చు. ట్రౌట్ విషయంలో కంటికి దొరికేది ఏమీ లేదు. లోతు తెలియాలి, అంతే.

2021 జూలైలో మా మేనత్త కొడుకూ నేనూ ఐదు రోజులకని వెళ్ళాం. బావ చిన్న ఫిష్ ఫైండర్, అంటే లోతూ చేపలూ తెర మీద చూపే యంత్రం, తెచ్చాడు. దాని మీదే మా ఇద్దరి ధైర్యం. రెండో రోజు పొద్దున బ్యాటరీ పెట్టెలోకి నీళ్ళు దిగి తెర నల్లబడిపోయింది. ఆరబెట్టాం, తుడిచాం, మళ్ళీ బిగించాం. వెలగలేదు.

"ఇప్పుడు లోతు ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు బావ.

"రంగు చూద్దాం బావా" అన్నాను. నిజానికి అప్పటిదాకా నేనూ ఆ రంగుల్ని నమ్ముకున్నది లేదు. ఫైండర్ ఉంది కదా అని వాటిని పట్టించుకోలేదు.

నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగిన ఒక కొండ పక్కన ఆగి, ఔన్సు బరువు తెల్ల ట్యూబ్ జిగ్‌ని (గొట్టంలాంటి మెత్తని ఎర తొడిగిన బరువు గాలం) వదిలాను. రంగుని రీల్ దగ్గర కాదు, దారం నీళ్ళని తాకే చోట చూడాలి. నీలం అయిపోయింది, ఆకుపచ్చ అయిపోయింది, నారింజ అయిపోయింది. గులాబీలో నాలుగో గుర్తు దగ్గర దారం వదులైంది. అంటే సరస్సు అడుగు 34 మీటర్ల లోతులో ఉంది. రెండు మూడు సార్లు పైకి లాగి, మళ్ళీ వదిలి చూశాను. పైకి తెచ్చిన జిగ్‌ని ముట్టుకుంటే ఐసుముక్కలా ఉంది. పక్కన నీళ్ళలో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఆ తేడా వేళ్ళకి తగిలాక సరైన చోటే ఉన్నామని నమ్మకం కుదిరింది.

నాలుగోసారి వదిలినప్పుడు దారం నారింజ సగంలో ఆగిపోయింది. గుంజింది లేదు, ఊపింది లేదు. జారుతున్న దారం ఊరికే నిలబడింది. అడుగు తగలాల్సింది గులాబీలో, ఇది ఆగింది నారింజలో. మధ్యలో చేప అందుకుందన్నమాట. రంగు లేని దారమైతే అడుగు తగిలిందనే అనుకునేవాణ్ణి, మళ్ళీ లాగేలోపు చేప వదిలేసి పోయేది. గబగబా వదులు చుట్టి రాడ్ ఎత్తాను. బరువు తగిలింది.

చేప కనిపించక ముందు బుడగలు కనిపించాయి. లేక్ ట్రౌట్ పైకి వస్తూ కడుపులోని గాలిని వదిలేయగలదు, అందుకే అంత లోతు నుంచి లాగినా ఉబ్బిపోదు. బాస్‌కి ఆ వీలు లేదు, అందుకే వదిలేయాలనుకునే బాస్‌ని నేను లోతులో పట్టను. ఆ బుడగల వెనకాల బూడిదరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ట్రౌట్ మెల్లగా పైకి తేలింది. నీళ్ళలో ఉండగానే గాలం తీసి వదిలేశాం.

బావ దారం మామూలు ఆకుపచ్చది. 25 మీటర్లని నేను చెప్పినా ఎక్కడ ఆపాలో అతనికి తెలిసే దారి లేదు. నా రాడ్ అతని చేతికిచ్చాను. పావుగంట తర్వాత "నారింజ! నారింజలోనే ఆగింది!" అని అతను అరిచిన అరుపు ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. కోనసీమలో మా తాతయ్య కాలవగట్టు మీద కూర్చుని బెండు మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఆ నారింజ దారాన్ని అలాగే చూశాం.

ఇక పొగడ్త పక్కన వచ్చి చేరినవి చెప్తాను.

ఒకటి, గాలి. కెనూ కొట్టుకుపోతుంటే దారం ఏటవాలుగా సాగుతుంది. 45 డిగ్రీలు వాలిందంటే 30 మీటర్ల దారం వదిలినా జిగ్ ఉండేది 21 మీటర్లలోనే. రంగు చెప్పేది దారం పొడవు, నీటి లోతు కాదు. గాలి రోజున ఇంకా బరువు జిగ్ కట్టాలి, లేదా కొండ చాటుకి పోవాలి.

అసలు దెబ్బ 2023లో తగిలింది. రాళ్ళకి బ్రెయిడ్ ఆగదు కాబట్టి చివర లీడర్‌గా మూడు మీటర్ల ఫ్లోరోకార్బన్ దారం ముక్క కడతాను. ఆ మూడు మీటర్లకి సరిగ్గా నీలంలో మూడు కోసేశాను, మొదటి రంగు మారేసరికి లెక్క పదికే వస్తుందని. బాగా పనిచేసింది. ఆ ఏడాది ఒక సాయంత్రం బాస్ కోసం వేస్తుంటే జిగ్ రాళ్ళలో ఇరుక్కుని, లీడర్‌తో పాటు నాలుగు మీటర్ల నీలం కూడా తెగిపోయింది. చీకటి పడుతుంటే కొత్త లీడర్ కట్టి పడుకున్నాను. ఆ నాలుగు మీటర్ల సంగతి మనసులో లేదు.

మర్నాడు అదే కొండ, అదే నారింజ సగం. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క తాకిడి లేదు. అడుగు గులాబీ ఎనిమిదో గుర్తుకి తగులుతుంటే కెనూ కాస్త పక్కకి జరిగిందేమో అనుకున్నాను. చేపలు చోటు మారాయనుకున్నాను, వాతావరణం మారిందనుకున్నాను. దారాన్ని మాత్రం అనుమానించలేదు. భోజనాలప్పుడు లీడర్ మార్చడానికి దారం లాగితే నీలం చటుక్కున అయిపోయింది. తెడ్డు పక్కన పెట్టి కొలిచాను. రెండు తెడ్ల పొడవే ఉంది. ఏడు మీటర్లు ఉండాల్సిన చోట మూడు. పొద్దుటి నుంచీ 25 అనుకుంటూ 21లో ఆడిస్తున్నాను. చాలా బాధేసింది, ఎందుకంటే ఐదు రోజుల సెలవులో సగం రోజు అంటే చిన్న సంగతి కాదు. నారింజ తొమ్మిదో గుర్తుకి వదిలాక ఆ సాయంత్రం ఒకటి దొరికింది. అప్పటి నుంచి రాడ్ పిడికి తెల్ల టేపు చుట్టి, దారం తెగినప్పుడల్లా మొదటి రంగు ఎంత మిగిలిందో దాని మీద రాస్తున్నాను.

రంగులు వెలిసిపోవడం ఇంకో సంగతి. పాలిథిలీన్ పోగు రంగుని లోపలికి పీల్చుకోదు, పైపూతే. మూడో ఏడాదికి నీలం తెల్లబారింది, నాలుగో ఏడాదికి నారింజకీ పసుపుకీ తేడా ఎండలో తప్ప తెలియలేదు. ట్రౌట్ బాగా తినేది తెల్లవారుజామున, పొద్దువాలాక. సరిగ్గా అప్పుడే రంగులు కనిపించవు. ఎర్ర హెడ్‌ల్యాంప్ వేస్తే నారింజ, గులాబీ ఒకేలా కనిపిస్తాయి. తెల్ల దీపమే వాడాలి.

బాస్‌కి ఈ రంగులతో పని లేదు. నాలుగు మీటర్ల నీళ్ళలో నీలం తప్ప ఇంకో రంగు బయటికి రాదు. చలికాలం మంచు మీద వాడి చూశాను. తడి పీల్చి రాడ్ రింగుల్లో గడ్డకట్టింది, మళ్ళీ వాడలేదు.

కొనాలా అంటే, అది మీరు దేని మీద కూర్చుని పడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. మోటారు పడవ, దానికి మంచి ఫిష్ ఫైండర్ ఉంటే దీనికి పెట్టే డబ్బు దండగ అనుకోవచ్చు. నాకు మోటారు లేదు. పోర్టేజ్‌లలో, అంటే ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి నడిచే దారుల్లో, సామానంతా భుజాన మోయాలి, బ్యాటరీ బరువు కూడా లెక్కే. నాలా ఏడాదికి ఐదారు రోజులు వెళ్ళేవాళ్ళకి రంగులు మూడేళ్ళు నిలుస్తాయి. వారం వారం వెళ్ళేవాళ్ళకి ఒక వేసవే నిలుస్తుందేమో.

నేను కొత్తది కొనలేదు. 2024 జూన్‌లో చుట్ట మొత్తం విప్పి తిరగేసి చుట్టాను. ఎండ తగలని లోపలి భాగం ఇప్పుడు బయటికి వచ్చింది, రంగులు కొత్తవాటిలా ఉన్నాయి. వరస మాత్రం తిరగబడింది, పసుపు మొదట, నీలం చివర. మళ్ళీ అన్నీ నేర్చుకోవాలేమో అని టెన్షన్ పడ్డాను. ఐదు రంగుల్లో నడిమిది ఎటు నుంచి లెక్కపెట్టినా మూడోదే కదా. టేపు మీద 'పసుపు 7' అని రాసుకుని ఆ జూలైలో అదే కొండ పక్కన జిగ్ వదిలితే, ఇరవై మీటర్లు దాటాక నీళ్ళలోకి దిగింది నారింజే.