ఆటోనగర్‌లో టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పిస్తున్నారా? టీ తాగడానికి మాత్రం వెళ్లకండి

ఇప్పుడే ఇంటికొచ్చాను. చేతులకి ఆయిల్ జిడ్డు ఇంకా వదల్లేదు. కోపం తగ్గాక రాద్దాం అనుకుంటే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు. అందుకే అన్నం కూడా తినకుండా కూర్చున్నాను.

షాపు పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. విజయవాడ ఆటోనగర్‌లో బండి పని చేయించుకున్నవాళ్లలో చాలామంది ఒక్కసారైనా ఆ మెట్లు ఎక్కే ఉంటారు. ముందు స్పేర్ల కౌంటరు, వెనక రేకుల షెడ్డు, కౌంటరు గోడకి దేవుడి పటం, దాని కింద "ఇచ్చట ఒరిజినల్ మాత్రమే" అని బోర్డు. బోర్డుని పటం కింద ఎందుకు కొట్టారో ఇవాళ అర్థమైంది. పైనుంచి ఆయనకి కనపడకుండా.

బండి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పదకొండేళ్ల పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లు, 96 వేలు తిరిగింది. నెల రోజులుగా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఆయిల్ మాడుతున్న వాసన. తర్వాత మిస్సింగ్, అంటే ఇంజిన్ తడబడటం, మొదలైంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి0302, అంటే రెండో సిలిండర్ కొట్టడం లేదని. స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ పీకి చూస్తే ఆ ప్లగ్ గుంటలో ఆయిల్ నిలిచి ఉంది, బావిలో నీళ్లలా.

ఇది చాలామందికి తెలిసిన జబ్బే. ఇంజిన్ హెడ్డు మీద మూతలా ఉంటుందే, అదే టాపెట్ కవర్. దాని అంచున గాడిలో రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడిపోయి అంచుకి అతకడం మానేస్తుంది. అక్కడి నుంచి కారిన ఆయిల్ సైలెన్సర్ మొదట్లో ఉండే వేడి ఇనుము మీద పడితే ఆ వాసన వస్తుంది. ప్లగ్గులు కవర్ మధ్యలోంచి దిగే ఇంజిన్లలో ఒక్కో ప్లగ్ గొట్టం చుట్టూ ఒక్కో రింగు సీలు కూడా ఉంటుంది. అవి పోతే ఆయిల్ గుంటలోకి దిగి కాయిల్ రబ్బరుని పాడు చేస్తుంది. నాకు రెండూ పోయాయి. పెద్ద రోగం కాదు, పెద్ద ఖర్చూ కాదు. సరిగ్గా చేసేవాడి దగ్గరికి వెళ్తే.

నేను వెళ్లింది ఆ బోర్డు దగ్గరికి.

ఓనరే కౌంటరులో ఉన్నాడు. "పూర్తి సెట్టు సార్, బయటి ప్యాకింగ్, నాలుగు ప్లగ్ రింగులు. 1,450. ఫిట్టింగ్ మన షెడ్డులోనే, 600" అన్నాడు. సీలు తీయని డబ్బా తీసి, మీదున్న హోలోగ్రాం స్టిక్కరుని ట్యూబ్‌లైటు వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూపించాడు. "డూప్లికేట్ అయితే ఈ మెరుపు రాదు సార్." నేనేదో స్పేర్ల వ్యాపారంలో పుట్టి పెరిగినవాడిలా తల ఊపాను. డబ్బా అంచున బాల్‌పెన్నుతో నా బండి నంబరులో చివరి నాలుగు అంకెలు వేశాడు. లోపల ఇంకో బండి డబ్బాతో కలిసిపోకుండా ఉండాలట. ఎంత పద్ధతైన మనిషి అనుకున్నాను. ఆ నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి.

షెడ్డులో కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. కాయిళ్లు పీకి, బోల్టులు వదులు చేస్తున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. అక్కడే నిలబడి ఉంటే ఈ రోజు ఈ రాత ఉండేది కాదు. ఓనరు బయటికొచ్చి, భుజం మీద చెయ్యేసి, "ఈ ఎండలో మీకెందుకు సార్, మూల మీద టీ బాగుంటుంది, మన షాపు పేరు చెప్పండి, డబ్బులు తీసుకోడు" అన్నాడు.

వెళ్లాను. అల్లం టీ. నిజంగానే బాగుంది. అదే ఇంకా మంట.

ఇరవై నిమిషాల్లో తిరిగొస్తే కవర్ బిగించేసి ఉంది. దారి పొడవునా తిరిగొచ్చిన వేడి ఇంజిన్. చల్లారడానికే గంట పైన పడుతుంది. విప్పి, పాత ప్యాకింగ్ లాగి, గాడి శుభ్రం చేసి, కొత్తది కూర్చోబెట్టి, బోల్టులు వరసగా బిగించడం ఇరవై నిమిషాల్లో ఎలా అయిందని ఎవరైనా అడుగుతారు. నేను అడగలేదు. పైగా "అప్పుడే అయిపోయిందా, ఫాస్టే తమ్ముడూ" అని మెచ్చుకుని ఆ కుర్రాడికి యాభై రూపాయలిచ్చాను. నన్ను మోసం చేసినందుకు టిప్పు ఇచ్చిన మొదటి కస్టమర్ని నేనే అయి ఉంటాను.

కవర్ చుట్టూ నల్లటి సిలికాన్ పేస్టు, ట్యూబు నొక్కి వదిలినట్టు ఉబికి ఉంది. ఇదేంటంటే "ఎక్స్‌ట్రా సేఫ్టీ సార్". పాత ప్యాకింగ్ ఏదంటే "చెత్తలో పడేశాం, ఆ దరిద్రం మీకెందుకు సార్". కొత్త డబ్బా ఏదని అడగాలని తోచనే లేదు. 2,050 ఫోన్‌పే కొట్టి, తెల్ల చీటీ మీద రాసిచ్చింది జేబులో పెట్టుకుని, నమస్కారం కూడా పెట్టి వచ్చాను.

మూడు రోజులు బండి సుబ్బరంగా ఉంది. నాలుగో రోజు బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు మళ్లీ అదే వాసన. కొత్త పేస్టు కదా, కాలుతోందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. తొమ్మిదో రోజు మిస్సింగ్.

మా బావమరిది మాట మీద కానూరు వైపు ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అందరూ బాబాయ్ అంటారు. "రాత్రికి బండి ఇక్కడే ఉంచు బాబూ, చల్లారితే గానీ ముట్టుకోను" అన్నాడు ముందే. ఇవాళ పొద్దున నా ఎదురుగానే విప్పాడు. బోల్టులన్నీ తీసినా కవర్ రాలేదు. రబ్బరు సుత్తితో చుట్టూ తట్టి తట్టి లేపాడు. బోల్టుల్లో ఒకటి బిగువు లేకుండా ఊరికే తిరుగుతోంది. హెడ్డు అల్యూమినియం, ఈ చిన్న బోల్టులకి చాలా ఇంజిన్లలో 10 న్యూటన్ మీటర్లకి అటూ ఇటూ బిగువు చాలు. అక్కడి కుర్రాడు చక్రం నట్టు బిగించినట్టు బిగించి మర కొట్టేశాడు.

బాబాయ్ కవర్‌ని తిరగేసి నా చేతిలో పెట్టాడు. "ఇదేనా బాబూ కొత్త ప్యాకింగు?"

గోటితో నొక్కాను. దిగలేదు. గాడిలోంచి లాగితే బిస్కెట్‌లా పుటుక్కున విరిగింది. పదకొండేళ్ల నాటి ప్యాకింగే. దాన్ని కదల్చను కూడా కదల్చలేదు. ఉన్నదాని మీదే, తుడవకుండా, ఆ జిడ్డు మీదే సిలికాన్ పూసి మూసేశారు. ఆయిల్ మీద పూసిన సిలికాన్ పట్టుకోదని నాబోటివాడికి కూడా తెలుసు. పైగా పూశాక అది పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు వదిలేయాలి. నన్ను అరగంటలో పంపించేశారు. ప్లగ్ రింగులు నాలుగూ పాతవే. వాటికి పేస్టు కూడా రాయలేదు. అవి లోపల ఉంటాయి కదా, కస్టమర్‌కి కనపడవు, ఇంకెందుకు పేస్టు దండగ.

ఇంకో సంగతి ఉంది, అసలు భయం అదే. లోపలి వైపుకి ఉబికిన సిలికాన్ వానపాముల్లా వేలాడుతోంది. బాబాయ్ ఒకదాన్ని వేలితో లాగితే తెగి చేతిలోకి వచ్చింది. "ఇట్లాంటిది కింద ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి దిగి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడిందనుకో, అప్పుడు పోయేది ప్యాకింగ్ కాదు బాబూ, ఇంజినే." ఒకచోట ముందే తెగిపోయిన మొదలు కనపడింది. ఆ ముక్క ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఛాంబర్ విప్పించాలా వద్దా అని ఇంకో టెన్షన్. రేపు విప్పిస్తున్నాను లెండి.

విరిగిన ప్యాకింగ్ ముక్కలన్నీ క్యారీబ్యాగులో వేసుకుని, బావమరిది బండి మీద నేరుగా ఆటోనగర్ వెళ్లాను.

కౌంటరు ముందు ఇంకో మనిషి ఉన్నాడు. వెండిరంగు హ్యాచ్‌బ్యాక్ ఆయనది, మెట్ల దగ్గర బానెట్ ఎత్తి ఉంది. ఓనరు చేతిలో డబ్బా. ట్యూబ్‌లైటు కింద తిప్పుతున్నాడు. "డూప్లికేట్ అయితే ఈ మెరుపు రాదు సార్."

డబ్బా అంచున బాల్‌పెన్ను అంకెలు. కొత్తగా వేసిన నాలుగు, వాటి పైన అడ్డంగా కొట్టేసిన నాలుగు. కొట్టేసినవి నావి.

కాసేపు కళ్లు అక్కడే ఉండిపోయాయి. సీలు కూడా తీయలేదు. నా డబ్బు తీసుకున్నారు, నా నంబరు వేశారు, నన్ను టీకి పంపించి డబ్బాని మళ్లీ అరలో పెట్టేశారు. అంతకంటే మంట పుట్టించింది ఏంటంటే, నా అంకెల పైన ఇంకో వరస కొట్టివేత ఉంది. అంటే నేను మొదటివాణ్ని కూడా కాదు. ఆ డబ్బా ఎన్నిసార్లు అమ్ముడుపోయిందో, ఆ మూల మీద టీలు ఎంతమంది తాగారో.

"ఇది నా బండి నంబరు" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

ఓనరు కొంచెం కూడా తొణకలేదు. "అది మా స్టాక్ నంబరు సార్."

"బయట ప్లేటు మీద కూడా మీ స్టాక్ నంబరే వేయించుకుని తిరుగుతున్నానా" అనాలి కదా? ఆ మాట ఇంటికొచ్చాక తట్టింది, మెట్లెక్కుతుండగా. అక్కడ మాత్రం నోట మాట రాలేదు. అయినా నా బండి కానూరులో విప్పి ఉంది, బయట నిలబడింది బావమరిది స్కూటరు. క్యారీబ్యాగు కౌంటరు మీద బోర్లించాను. ఆయన ఒక ముక్కని రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకని ఎత్తినట్టు ఎత్తి, "ఇది మీ బండిలోదే అని ఏంటి గ్యారెంటీ? ఎక్కడెక్కడో విప్పించుకుని మా మీద పడితే ఎట్లా సార్? బిల్లుందా?" అన్నాడు.

చీటీ ఇచ్చాను. "ప్యాకింగ్ + లేబర్ 2,050" అని ఉంది. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, సంతకం లేదు, తేదీ కూడా లేదు. "ఇట్లాంటిది ఎవరైనా రాసుకోవచ్చు" అని తిరిగిచ్చేశాడు. ఫోన్‌పే తీసి చూపిస్తే, డబ్బు వెళ్లింది షాపు ఖాతాకి కాదు, ఎవరో మనిషి ఖాతాకి. "ఆయనెవరో మాకు తెలియదు సార్." ఆ ఫోన్‌పే క్యూఆర్ కోడ్ అంటించింది ఆయన మోచేతి పక్కనే.

ఆ తర్వాత అన్న మాట. పక్కన కుర్రాళ్లు వింటుండగా, నవ్వుతూ:

"బాగా వేడి మీదున్నారు సార్. టీ చెప్పమంటారా?"

కుర్రాళ్లు నవ్వారు. నేను యాభై ఇచ్చినవాడు కూడా నవ్వాడు. రెండు వేలు పోయినందుకు కాదు నాకు, ఆ టీ మాటకి నిద్ర పట్టేలా లేదు.

మా ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది, "అయితే టీ ఫ్రీయేనా అండీ?" అని. ఫ్రీ కాదు. లెక్క వేశాను: అక్కడ 2,050, టిప్పు 50, ఆయిల్‌లో నానిన కాయిల్ 2,200, బాబాయ్ లేబర్ 900, మర వేయించడానికి 400, ఛాంబర్ విప్పితే ఎంతో. కంపెనీ పార్టుల కౌంటరులో ఇవాళ అదే ప్యాకింగ్, రింగులతో కలిపి, బిల్లుతో సహా 980కే వచ్చింది. 5,600 దాకా అయిన టీ అది.

1915, వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు, రాసుకున్నారు. బిల్లు ఫొటో పంపమన్నారు. ఆ చీటీనే పంపాను, ఏం చేస్తాం.

చేయించుకోబోయేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. ప్యాకింగ్ మీరే బిల్లుతో కొనండి, డబ్బా మీ చేత్తోనే విప్పండి, ఖాళీ డబ్బా, పాత ప్యాకింగ్ రెండూ మీ డిక్కీలో పడాలి. కవర్ లేచినప్పుడు అక్కడే ఉండండి. సిలికాన్ అసలే వద్దని కాదు, టైమింగ్ చైను మీద మూతలా ఉండే టైమింగ్ కవర్ హెడ్డుతో కలిసే మూలల్లో చాలా బండ్లకి ఒక చుక్క పెట్టమనే ఉంటుంది. చుట్టూ పూస్తుంటే మాత్రం ఆపండి. పీసీవీ వాల్వ్, అంటే ఇంజిన్ లోపల చేరే ఆవిరిని లాగేసే చిన్న వాల్వ్, అది కూడా చూపించుకోండి, అది మూసుకుపోతే లోపల గాలి ఒత్తిడి పెరిగి కొత్త ప్యాకింగ్ దగ్గర కూడా ఆయిల్ తోస్తుందని బాబాయ్ ముందు దాన్నే తీసి చెవి దగ్గర ఊపి చూశాడు. నాది టకటకమంది, బాగానే ఉంది. ఆ ఒక్కటైనా.

చివరగా ఆ వెండిరంగు బండి ఆయనకి. మీరు నా మాట విని కూడా "కాస్త పక్కకి జరగండి సార్, నాకు ఆలస్యమవుతోంది" అన్నారు. మీ మీద కోపం లేదు, తొమ్మిది రోజుల కింద నేనైనా అదే అనేవాణ్ని. నేను మెట్లు దిగుతుంటే మీరు మూల వైపు నడుస్తున్నారు. ఇది చదివితే ఒక్కసారి కాయిళ్లు పీకి, ప్లగ్ గుంటల్లోకి టార్చి వేసి చూసుకోండి.