గుంటూరు ఎండకి ఏ టేపు నిలిచింది: పచ్చళ్ల ప్యాకింగ్ బల్ల దగ్గర నుంచి సమీక్ష

టేపు కొనడానికి వెళ్లినవాళ్లు ముందు మైక్రాన్లు, అంటే టేపు మందం అడుగుతారు, తర్వాత రేటు అడుగుతారు. నేను ముందు అడిగేది గమ్ము సంగతి. గుంటూరులో పచ్చళ్లూ పొడులూ కట్టి హైదరాబాదుకీ బెంగళూరుకీ అమెరికాకీ పార్సిళ్లు పంపే పని మాది. ఏళ్ల తరబడి రకరకాల టేపులు వాడాక నాకు తేలిందేమిటంటే, టేపు తెగి పెట్టె విడిపోవడం చాలా అరుదు. అంచు లేస్తుంది, అక్కడ దుమ్ము దూరుతుంది, మెల్లగా మొత్తం ఊడొస్తుంది. ఫిల్ము నిక్షేపంలా ఉంటుంది, పట్టు వదిలేసేది గమ్మే.

అట్టపెట్టెలకి వేసే బ్రౌన్ టేపూ, పారదర్శకంగా ఉండే టేపూ రెండూ బీఓపీపీ రకమే. పాలీప్రొపిలీన్ ఫిల్మును నిలువుగానూ అడ్డంగానూ సాగదీసి పల్చగా చేసి, ఒక వైపు గమ్ము పూస్తారు. మనకి దొరికేవాటిలో ఆ గమ్ము ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి నీళ్లతో కలిపి పూసే యాక్రిలిక్. రెండోది కరిగించి వేడి మీద పూసే రబ్బరు జాతి గమ్ము, దాన్ని హాట్‌మెల్ట్ అంటారు. దుకాణంలో వేలు పెట్టి చూస్తే హాట్‌మెల్టే గెలుస్తుంది. "చూడండమ్మా, వేలు వదలట్లేదు" అని షాపాయన చూపించేది దాన్నే. నిజమే, అంటించగానే పట్టుకుంటుంది, గట్టిగా నొక్కాల్సిన పని కూడా ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో దానికి వంక పెట్టలేం. యాక్రిలిక్‌కి మొదట్లో పట్టు తక్కువ, గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. కానీ వేడికి తట్టుకునేది, ఎండలో పసుపుపచ్చగా మారకుండా ఉండేది అదే.

మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. మూసిన వ్యానులో, రేకుల గోడౌనులో అంతకన్నా ఎక్కువే. నిండా సర్దిన పెట్టె మూత రెక్కలు ఎప్పుడూ పైకి లేవాలనే చూస్తుంటాయి, వాటిని రాత్రీ పగలూ అణిచి పట్టుకోవాల్సింది టేపు. మా వరండాలో ఎండ పడే చోట ఉన్న ఒక పెట్టెను వంగి దగ్గరగా చూశాను. టేపు అంచు కింద హాట్‌మెల్ట్ గమ్ము సన్నని దారాలుగా సాగుతోంది. టేపు మొదట అంటించిన చోటు నుంచి కాస్త పక్కకి జరిగింది, జరిగినంత మేరా అట్ట మీద జిడ్డుగా మెరిసే గీత పడింది. ఎక్కడా చిరగలేదు, తెగలేదు. అలాంటి పెట్టె మీద ఇంకో బరువు పడితే నోరు తెరుచుకోక ఏమవుతుంది? అదే వరసలో యాక్రిలిక్ వేసిన పెట్టెలు ఇసుమంత కూడా కదల్లేదు. ఆవకాయ పార్సిళ్లు ఊపు మీద వెళ్లే ఆ ఎండాకాలమంతా మేం యాక్రిలిక్ తప్ప వేరేది ముట్టుకోం.

కొత్త రకం టేపు చుట్ట వస్తే నేను చేసే పరీక్ష తేలికైనది. శుభ్రమైన అట్ట మీద జానెడు ముక్క అంటించి అరచేత్తో గట్టిగా రుద్ది వదిలేస్తాను. మర్నాడు ఆ అట్టను ఎండలో పెట్టి, బాగా కాగాక టేపును మెల్లగా వెనక్కి లాగుతాను. అట్ట పైపొర పీచు టేపుతో పాటు ఊడి రావాలి. పీచు రాకుండా టేపు ఒక్కటే శుభ్రంగా వచ్చేస్తే ఆ చుట్ట నాకొద్దు. అట్ట మీద జిగట మిగిల్చి వస్తే అసలే వద్దు.

మైక్రాన్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇందులోనే కొనేవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. 40 మైక్రాన్లు అంటే ఫిల్మూ గమ్మూ కలిపి. అందులో గమ్ము వాటా ఎంత అన్నది చుట్ట మీద రాసి ఉండదు. పొడవు సంగతీ అంతే. లోపలి అట్ట గొట్టం మందంగా పెట్టి, టేపు తక్కువ చుట్టినా పైకి చుట్ట నిండుగానే కనిపిస్తుంది. దీనికి తక్కెడే మందు. 48 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మీటర్ల పొడవు, 40 మైక్రాన్ల మందం నిజంగా ఉంటే, ఫిల్మూ గమ్మూ కలిపి సుమారు 115 నుంచి 120 గ్రాములు తూగాలి, గొట్టం బరువు కాకుండా. పచ్చళ్లు తూచే కాటా మా బల్ల మీద ఎలాగూ ఉంటుంది. అయిపోయిన చుట్ట గొట్టాన్ని తూచి, కొత్త చుట్ట బరువులోంచి తీసేస్తే అసలు సంగతి బయటపడుతుంది. చవగ్గా వచ్చిందనుకున్న టేపు మీటరు లెక్కన చూస్తే ఖరీదైనదని తేలిన సందర్భాలు నేను చూశాను. టోకున తీసుకునేవాళ్లు డబ్బా మొత్తం బరువు కూడా చూసుకోండి.

ఎంత మంచి టేపైనా నొక్కకపోతే పని చెయ్యదు. ఈ గమ్ములన్నీ ఒత్తిడికి పట్టుకునేవే. అట్ట చూపుకి నున్నగా ఉన్నా అది పీచు, గమ్ము ఆ పీచు సందుల్లోకి దిగాలి. మా దగ్గర ప్యాకింగ్ చేసే అక్క కట్టర్‌తో టేపు లాగుతూనే వెనకాల ఎడమ చేత్తో రుద్దుకుంటూ వెళ్తుంది. ఆమె కట్టిన పెట్టె అంచు లేచిందని ఎవరూ ఫోన్ చెయ్యలేదు. మధ్య చీలిక మీద ఒక పట్టీ, రెండు చివరల అంచుల మీద ఒక్కో పట్టీ, పైనా కిందా ఇలాగే. పక్క గోడల మీదకి మూడు నాలుగు వేళ్ల వెడల్పు దిగాలి. మధ్యలో ఒకదాని మీద ఒకటి నాలుగు వరసలు వేసి అంచులు వదిలేసేవాళ్లున్నారు. అక్కడ అదనంగా వేసిన టేపు టేపుకే అంటుకుంటుంది తప్ప అట్టకి బలం ఇవ్వదు.

మా వ్యాపారానికి అసలు శత్రువులు నూనే, కారమే. పచ్చడి పౌచ్ ఒక్క బొట్టు కారినా ఆ నూనె అట్టలోకి ఇంకి, లోపలి వైపు నుంచి టేపు కిందకి పాకుతుంది. రబ్బరు గమ్ము నూనెను పీల్చుకుని ఉబ్బి మెత్తబడిపోతుంది. యాక్రిలిక్ కొంత ఓర్చుకుంటుంది గానీ నూనె తాగిన అట్టే పీచు పీచుగా వదిలేస్తుంటే అదేం చెయ్యగలదు? అందుకే పౌచ్ మూతికి టేపు వేసి సరిపెట్టడాన్ని నేను ఒప్పుకోను. పౌచ్‌కి మెషీన్ మీద వేడి సీలు పడాలి, దాని మీద ఇంకో కవరు, ఆ తర్వాతే అట్టపెట్టె.

ఇక కారం. మిర్చి యార్డు ఉన్న ఊరు మాది. సీజన్లో గాలిలోనే ఘాటుంటుంది, మేం కారం కొట్టించి తెచ్చిన రోజున పెట్టెల మీద ఎర్రటి పొర కనిపిస్తుంది. ఆ పొర మీద టేపు వేస్తే గమ్ము పట్టుకునేది కారాన్ని, అట్టను కాదు. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే తేడా తెలిసిపోతుంది. దుమ్ము ముందు ఎంతటి టేపైనా లొంగాల్సిందేనని చెప్పడానికి చంద్రుడి మీద జరిగిన సంగతే ఉంది. 1972 డిసెంబరులో అపోలో 17 యాత్రలో రోవర్ బండి వెనక మడ్‌గార్డు ముక్క విరిగితే, వ్యోమగాములు దాన్ని డక్ట్ టేపుతో అతికించారు. చంద్రుడి ధూళి వల్ల ఆ అతుకు నిలవలేదు, ఊడిపోయింది. మర్నాడు నాలుగు మ్యాపులను టేపుతో ఒకదానికొకటి అతికించి, ఆ అట్టను బండికి క్లాంపులతో బిగించారు. అప్పుడు నిలిచింది.

ఆ డక్ట్ టేపునే మన దగ్గర క్లాత్ టేపు అని కూడా అడుగుతారు. పైన పాలిథీన్ పొర, మధ్యలో నూలు వల, కింద మందంగా రబ్బరు గమ్ము. చేత్తో చింపుకోవచ్చు, గరుకు తలాల మీద కూడా పట్టుకుంటుంది. దీని పుట్టుక గురించి తెలుసుకున్నప్పటి నుంచి నాకు దీని మీద ప్రత్యేకమైన అభిమానం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఒక ఆయుధ కర్మాగారంలో పెట్టెల ప్యాకింగ్ దగ్గర పనిచేసిన వెస్టా స్టౌట్ అనే ఆవిడ, తూటాల పెట్టెలకి వేసే కాగితపు టేపు లాగగానే చిరిగిపోతోందని, సైనికులు తూటాల కోసం పెట్టె తెరవలేక ప్రాణాల మీదకి తెచ్చుకుంటారని ఆందోళన పడింది. ఆమె కొడుకులు ఇద్దరు నౌకాదళంలో ఉన్నారు. నీళ్లు దిగని గుడ్డ టేపు వాడాలని పైవాళ్లకి చెప్పింది, పని జరగలేదు. 1943లో నేరుగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే బొమ్మలు గీసి ఉత్తరం రాసింది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఆ టేపు తయారుచేసింది. పార్సిల్ కట్టే బల్ల దగ్గర నిలబడే మనిషికి పెట్టె కష్టం ఎంత తెలుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి.

అయితే మన వాడకంలో క్లాత్ టేపుకి నేను ఇచ్చే మార్కులు సగమే. చిరిగిన టార్పాలిన్‌కి, చీలిన ప్లాస్టిక్ క్రేటుకి, పగిలిన చీపురు కర్రకి, పిడి ఊడిన సూట్‌కేసుకి అప్పటికప్పుడు బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆరుబయట ఎండలో వదిలేస్తే పై పొర పెళుసెక్కి రాలిపోతుంది, గమ్ము మాత్రం అక్కడే గట్టిపడి గోకినా రాదు. నీళ్ల పైపు లీకైతే దీన్ని చుట్టేవాళ్లున్నారు. లోపల ఒత్తిడి ఉన్న పైపుకి ఇది ఆగదు, ప్లంబర్‌ని పిలవండి. కరెంటు వైర్ల అతుకులకి మాత్రం దీన్ని పొరపాటున కూడా వాడొద్దు. వాటికి పీవీసీ ఇన్సులేషన్ టేపే, అదీ మెయిన్ ఆపేసి, కాస్త సాగదీస్తూ, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పేలా.

ఇరవై కిలోల పైబడిన పెట్టెలకి ఫిలమెంట్ టేపు కొనుక్కోండి. పొడుగునా గాజు నారలుంటాయి, చేత్తో తెంపడం ఎవరి వల్లా కాదు. ఖరీదు ఎక్కువే, కానీ ఒక్కో పెట్టెకి రెండు చుట్లు చాలు.

ఫోమ్ ఉండే డబుల్ సైడ్ టేపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మా షాపు ముందు బోర్డు అక్షరాలు, లోపల ధరల పట్టిక, కౌంటరు అంచు పట్టీ అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. మా బావగారికి ఆటోనగర్‌లో కార్ల పెయింటింగ్ షెడ్డు ఉంది. డోరు బీడింగులు, పేరు బిళ్లలు ఆయన దీనితోనే అతికిస్తారు. పద్ధతి నేను నేర్చుకుంది ఆయన దగ్గరే. "అమ్మాయ్, తుడవడానికి పట్టే టైమే అసలు పని, అంటించడం క్షణం" అంటారాయన. ఐసోప్రొపైల్ ఆల్కహాలూ నీళ్లూ సగం సగం కలిపి తుడవాలి, ఆరాక అంటించి గట్టిగా నొక్కాలి. వీహెచ్‌బీ అనే చాలా గట్టి పట్టు ఉండే రకం టేపుకి పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, ఇరవై నిమిషాల్లో వచ్చేది దాదాపు సగమే. అంటించిన వెంటనే బరువు వేలాడదీసి "ఇది పనికిరాదు" అనేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి. బరువుకి కూడా లెక్కుంది. ఎప్పుడూ వేలాడే బరువైతే కిలోకి సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు ఉండాలి. అద్దం, స్టీలు, టైలు మీద ఇది అద్భుతం. సున్నం గోడ మీద, పాత డిస్టెంపర్ మీద దండగ. టేపు సున్నాన్ని పట్టుకునే ఉంటుంది, సున్నమే గోడను వదిలేస్తుంది. దేవుడి పటాలకి, గోడ గడియారానికి మేకే మేలు.

వెనక రేకుల షెడ్డు కారుతుంటే అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ టేపు వేయించాం. అన్నిటిలోకీ నన్ను ఎక్కువ సంతోషపెట్టింది ఇదే. తారులా నల్లగా, మెత్తగా ఉండే గమ్ము గరుకు రేకు మీద పల్లాల్లోకి కూడా దిగుతుంది, పై అల్యూమినియం పొర ఎండను ఆపుతుంది. వానలు మొదలవ్వక ముందే, రేకు పొడిగా ఉన్నప్పుడు, వైరు బ్రష్‌తో నాచూ దుమ్మూ గీకి వెయ్యాలి. అంచులు నొక్కడానికి అప్పడాల కర్ర పనికొచ్చింది. ఆ తర్వాత వచ్చిన వానలకి మిర్చి బస్తాలున్న మూలకి చుక్క పడలేదు. వాన కురుస్తుండగా తడి మీద వేస్తే మాత్రం డబ్బు నీళ్లపాలే.

చుట్టలు దాచేటప్పుడు కిటికీ పక్కన, వంటింటి వేడి తగిలే చోట పెట్టకండి. పడుకోబెట్టి, పక్క అంచులకి దుమ్ము తగలకుండా కవరులో ఉంచండి. పక్క అంచుకి కారం అంటిన చుట్ట ఎంత వాడినా అంచుల దగ్గరే లేస్తుంది.

స్టీలు డబ్బాల మీదో గాజు సీసాల మీదో జిడ్డుగా మిగిలిన రబ్బరు గమ్ముకి బ్లేడు పెట్టి గీకొద్దు, గీతలు పడతాయి. కాస్త వేరుశెనగ నూనె రాసి అరగంట వదిలేయండి. నూనెకి గమ్ము ఉబ్బి మెత్తబడి, పాత గుడ్డతో తుడిస్తే ఉండలు ఉండలుగా వచ్చేస్తుంది. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే కొత్త లేబుల్ అంటించండి.