సంసారం మీద మనసు పోకుంటే ముందు ఏది: థైరాయిడ్ టెస్టా, గైనిక్ డాక్టరా?

హన్మకొండలో నర్సుగా చేస్తున్న నన్ను ఆడవాళ్లు లేచి పోతూ పోతూ మళ్లీ కూర్చుని, గొంతు తగ్గించి అడిగే మాట ఇది. "సిస్టరమ్మా, నాకు థైరాయిడ్ ఉంది. ఆయన పక్కకొస్తే మనసొప్పుత లేదు. ఎవరికి చూపియ్యాలె?"

కలిసినప్పుడు నొప్పి, ఆ తర్వాత రక్తం, దుర్వాసన, మంట ఉంటే ఆలోచించకుండా గైనిక్ డాక్టర్ దగ్గరికే పోవాలి. నెలసరి ఆగిన వయసులో, పాలిచ్చే రోజుల్లో వచ్చే పొడితనానికీ అంతే. జెల్, క్రీము వాడితే అది తగ్గుతుంది.

ఇవేవీ లేకుండా ఉట్టి విరక్తి, దానితోపాటు నిద్రమత్తు, మలబద్ధకం, చలి, జుట్టు రాలడం, ఎక్కువ రోజులు బ్లీడింగ్ ఉంటే మాత్రం నేను థైరాయిడ్ చూసే రక్తపరీక్ష, అంటే టీఎస్‌హెచ్ టెస్టే ముందంటాను. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే కొందరిలో ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ పెరుగుతుంది. అది అండం విడుదలనూ కోరికనూ రెండింటినీ అణుస్తుంది. పైగా దిగులు, నీరసం.

"థైరాయిడ్ గోళీ రోజూ వేసుకుంటున్న గదా" అంటారు. నేను వెంటనే రెండు అడుగుతాను: చివరి టెస్టు ఎప్పుడు, గోళీ దేనితో? రెండేండ్ల కింద, చాయ్‌తో అని చెప్పినవాళ్లు ఎంతమందో! పరిగడుపున మంచినీళ్లతో వేసుకుని, చాయ్‌కి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం గోళీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ గోళీ మింగేవాళ్లు టెస్టుకు రెండు రోజుల ముందే ఆపాలి, రిపోర్టు తప్పుగా వస్తుంది. మనసు తొందరగా రావాలని గోళీ రెట్టింపు చేసుకోవద్దు. ఎక్కువైతే గుండెదడ, నిద్రలేమి, చిరాకు. అప్పుడూ కోరిక పోతుంది.

రెండో కాన్పు తర్వాత నేను ముందు గైనిక్ దగ్గరికే పోయాను. జెల్‌తో మంట తగ్గింది, మనసు రాలేదు. నెలల తర్వాత టీఎస్‌హెచ్ చూపిస్తే 14. మామూలుగా 0.4 నుంచి 4 మధ్యన ఉండాలి; ఈ నంబరు పెరిగిందంటే థైరాయిడ్ హార్మోన్ తగ్గినట్టు. అన్ని నెలలూ తప్పు నాదే అనుకుని మా ఆయన ముందు నోరు విప్పలేదు, ఇప్పటికీ బాధే.

మెడికల్ షాపుల్లో అమ్మే బలం పొడులు, క్యాప్సూళ్లు దీనికి మందు కావు.

డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టెస్టు. నంబరు సరైనా మనసు కుదురుకోవడానికి ఇంకొంత కాలం పట్టొచ్చు, ఇంట్లో ఆయనకూ ఆ సంగతి చెప్పండి. సర్కారు నడిపే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఈ టెస్టు ఉచితమే. అంతా బాగుండి కూడా మనసు రాకపోతే, ఆ రిపోర్టు పట్టుకుని గైనిక్ దగ్గరికి పోయి, "నెలసరి సరిగ్గా లేదు" అని చుట్టూ తిప్పకుండా, "సంసారం మీద మనసు లేదు మేడం" అనండి.