పన్ను కోతా, కూలి పెంపా: జనం చేతిలో డబ్బు ఆడాలంటే ఏది మేలు?

బజారులో గిరాకీ పడిపోయిందన్న మాట వినబడగానే రెండు మందులు బయటికొస్తాయి. ఒకటి పన్ను తగ్గించడం, ఇంకొకటి కనీస వేతనం పెంచడం. రెండూ ఆశించేది ఒకటే. జనం చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే అవి కొట్టుకు వస్తాయి, కొట్టు నడిస్తే ఫ్యాక్టరీ నడుస్తుంది. కానీ పన్ను కోతకు డబ్బు పెట్టేది ఖజానా. వేతన పెంపుకు పెట్టేది యజమాని, ఆయన వెనక కొంత కొనుగోలుదారు. అందుకని ఆ రూపాయి ఎవరి జేబులోంచి బయల్దేరి, దారిలో ఎన్ని కోతలు పడి, చివరికి ఎవరి చేతికి చేరుతోందో లెక్క చూశాకే ఏది మేలో చెప్పగలం.

ముందు ఒక సంగతి. పన్ను కోత అని అందరూ ఒకే మాట వాడతారు గానీ మన దేశంలో ఈ మధ్య జరిగినవి మూడు రకాలు. మూడింటి ఫలితాలూ మూడు దారులు.

ఆదాయ పన్ను కోత

2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షలు. ఇది శ్లాబు మార్పు ఒక్కటే కాదు. 4 లక్షల పైన శ్లాబులు ఉన్నాయి, పన్ను లెక్కకు వస్తుంది, ఆ పన్ను 60 వేల దాకా రిబేటుగా మాఫీ అవుతుంది. అందుకే షేర్ల మీద వచ్చిన లాభాల్లాంటి ప్రత్యేక రేటు ఆదాయానికి ఈ రిబేటు వర్తించదు. మొత్తం 12 లక్షల లోపే కదా అని ధీమాగా ఉన్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఆదాయం 12 లక్షలు దాటి పదివేలు ఎక్కువైతే మాత్రం భయపడక్కర్లేదు. దాటిన పదివేలకు మించి పన్ను పడకుండా మార్జినల్ రిలీఫ్ ఉంది.

ఎవరికెంత మిగిలిందో చూడండి. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 7 లక్షలు ఉన్నవాళ్లకు కొత్తగా మిగిలింది సున్నా. వాళ్లకు ముందే పన్ను లేదు. 8 లక్షలకు 30 వేలు, 10 లక్షలకు 50 వేలు, 12 లక్షలకు 80 వేలు. 16 లక్షలకు మళ్లీ 50 వేలకు దిగి, 18కి 70 వేలు, 24 లక్షలూ ఆపైన 1.10 లక్షలు. వీటి మీద 4 శాతం సెస్సు కూడా తప్పుతుంది. 12 లక్షల ఉద్యోగికి సెస్సుతో కలిపి ఏడాదికి 83,200, అంటే నెలకు సుమారు 6,930 రూపాయలు. జీతంలోంచి ముందే కోసుకునే పన్ను (టీడీఎస్) తగ్గడంతో ఆ డబ్బు నేరుగా జీతంలోనే కనబడుతుంది. అమలు తేలిక, మధ్యవర్తి లేడు. ఈ పద్ధతికున్న పెద్ద బలం అదే.

దీనికోసం ప్రభుత్వం వదులుకున్నది సుమారు లక్ష కోట్లు. ఆ లక్ష కోట్లు ఎందరి ఇళ్లకు చేరాయి? 2024లో గడువు తేదీ జులై 31 నాటికి దాఖలైన రిటర్నులు 7.28 కోట్లు. వాటిలోనూ పన్ను కట్టనక్కర్లేనివి చాలా ఉన్నాయి. 140 కోట్ల దేశంలో ఇది పై అంతస్తు. అక్కడికి చేరిన ప్రతి రూపాయీ బజారుకు రాదు. ఇంటి అప్పు ముందుగా తీర్చడానికి కొంత, మ్యూచువల్ ఫండ్ల సిప్‌లకు కొంత, బంగారానికి కొంత పోతుంది. కుటుంబానికి అది మంచి పనే. కానీ సబ్బులూ బిస్కెట్లూ అమ్ముడుపోవడం లేదన్న జబ్బుకు వేసిన మందు అయితే, సగం మోతాదు పక్కకు ఒలికినట్టే.

కంపెనీల పన్ను కోత

ఇందులో ఫలితం అందరికంటే ముందు షేర్ మార్కెట్‌లో కనబడింది. 2019 సెప్టెంబరు 20న కంపెనీల మూల రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించగానే సెన్సెక్స్ ఆ ఒక్క రోజే 1,921 పాయింట్లు లేచింది. సర్‌చార్జి, సెస్సు కలిపితే కొత్త రేటు 25.17 శాతం. అక్టోబరు 1 తర్వాత పెట్టి, 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త తయారీ కంపెనీలకు మూల రేటు 15 శాతమే. వదులుకునే ఆదాయం ఏడాదికి 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే అంచనా చెప్పింది. కంపెనీ పన్ను వసూళ్లు 2018-19లో 6.63 లక్షల కోట్లు, 2019-20లో 5.57 లక్షల కోట్లు. ఆ పతనంలో ఆర్థిక మందగమనం వాటా కూడా ఉంది. కొన్నేళ్లకు వసూళ్లు కోలుకున్నాయి, లాభాలు బాగా పెరిగాయి. ఉద్యోగాలు మాత్రం ఆ వేగం అందుకోలేదు. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమేనని 2024-25 ఆర్థిక సర్వే నమోదు చేసింది.

కారణం అంతుపట్టనిదేమీ కాదు. ఉన్న యంత్రాలే పూర్తిగా నడవనప్పుడు పన్ను తగ్గిందని ఎవరూ కొత్త షెడ్డు వేయరు. మిగిలిన డబ్బుతో అప్పు తీరుస్తారు, డివిడెండ్ ఇస్తారు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం 2012లో ఇంతకంటే దూరం వెళ్లింది. చిన్న సంస్థల యజమానులకు వ్యాపార లాభం మీద రాష్ట్ర ఆదాయ పన్నే ఎత్తేసింది. రావలసిన వృద్ధి రాలేదు, బడ్జెట్‌కు గండి పడింది. చివరికి 2017లో గవర్నర్ వీటోను కాదని శాసనసభే ఆ కోతను చాలావరకు వెనక్కి తీసుకుంది.

జీఎస్టీ కోత

2025 సెప్టెంబరు 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు పోయి ప్రధానంగా 5, 18 మిగిలాయి. తలనూనె, సబ్బు, టూత్‌పేస్టు 18 నుంచి 5కు, సిమెంటు 28 నుంచి 18కి దిగాయి. రిటర్ను వేయనివాళ్లకూ, యజమాని లేనివాళ్లకూ అందే పన్ను కోత ఇదొక్కటే. 100 రూపాయల మూల ధర ఉన్న సబ్బుల పెట్టె 118 నుంచి 105కు రావాలి. రావాలి అంటున్నది ఎందుకంటే, తగ్గింపు కొనేవాడిదాకా చేరుతుందో కంపెనీ దగ్గరే ఆగుతుందో ఎంఆర్‌పీ చూస్తే గాని తెలియదు. 5, 10 రూపాయల ప్యాకెట్లలో ధర మారదు, బరువు పెరగాలి. అందుకని గ్రాములు చూడాలి.

కూలి పెంపు: యజమాని ఇచ్చేదెంత, కూలీకి చేరేదెంత

25 మంది పనిచేసే ఒక చిన్న యూనిట్ అనుకుందాం. నెలకు 26 పనిదినాలు, ఒక్కొక్కరికి 12,000. రోజుకు 50 రూపాయలు పెంచితే నెలకు 1,300 పెరిగి 13,300 అవుతుంది. యజమాని ఖర్చు 1,300 దగ్గర ఆగదు. ఆ పెరుగుదల మీద పీఎఫ్ వాటా, అడ్మిన్ చార్జీలు, బీమా కలిపి 13 శాతం, అంటే 169. ఈఎస్ఐ 3.25 శాతం, 42. బోనస్ 8.33 శాతం, 108. గ్రాట్యుటీకి పక్కన పెట్టాల్సింది 4.81 శాతం, 63. మొత్తం 1,682. పాతిక మందికి నెలకు 42,050, ఏడాదికి 5 లక్షల పైచిలుకు.

కూలీ వైపు చూస్తే 1,300లో పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం పోగా చేతికొచ్చేది 1,134. తేడా మాయమైపోలేదు. పీఎఫ్ ఖాతాలో, ఈఎస్ఐ ఆస్పత్రిలో, ఏడాది చివర బోనస్‌లో ఉంది. కానీ ఈ నెల కొట్టుకు వచ్చేది ఆ 1,134 మాత్రమే. అది దాదాపు మొత్తంగా వస్తుంది. 13 వేల జీతం ఇంట్లో దాచడానికి మిగలదు, పాలూ గుడ్లూ కొత్త చెప్పులూ అయిపోతుంది.

ధర ఎంత పెరుగుతుంది? మొత్తం ఖర్చులో కూలి వాటా 20 శాతమైతే, కూలి 10.8 శాతం పెరిగినప్పుడు భారమంతా కొనేవాడి మీదే వేసినా ధర పెరిగేది 2.2 శాతం దాకా. వంద రూపాయల భోజనం 102 దాటుతుంది. వేతనం పెరిగితే ధరలు మండిపోతాయనేవాళ్లు ముందు ఈ వాటా ఎంతో చెప్పాలి. కూలి వాటా 60 శాతం ఉండే సెక్యూరిటీ, పారిశుద్ధ్య కాంట్రాక్టుల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ భారం 6 శాతం దాటుతుంది. బిల్లు కట్టేది చాలాచోట్ల మున్సిపాలిటీయో, ప్రభుత్వ ఆస్పత్రో. కరువు భత్యం పెరిగితే బిల్లూ పెరగాలన్న షరతు టెండరులో లేకపోతే కాంట్రాక్టరు పదిమంది పనిని ఎనిమిదిమందితో చేయిస్తాడు, మస్టర్లో పదిమందినీ చూపిస్తాడు.

ఉద్యోగాలు పోతాయా

ఈ ప్రశ్నకు ఎక్కువగా చెప్పే ఉదాహరణ అమెరికాలోని న్యూజెర్సీ. 1992 ఏప్రిల్‌లో అక్కడ గంట వేతనం 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పోల్చి చూస్తే న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ లేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. దీన్నిబట్టి ఎంత పెంచినా పరవాలేదనుకుంటే పొరపాటు. సియాటిల్‌లో 2016లో 13 డాలర్లకు పెంచినప్పుడు తక్కువ జీతపు పనుల్లో పనిగంటలు సుమారు 9 శాతం తగ్గాయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం లెక్క తేల్చింది. ఉన్నవాళ్లను తీసేయడం కంటే గంటలు కోయడం, కొత్తవాళ్లను తీసుకోకపోవడం యజమానికి సులువు. కాబట్టి ఉద్యోగాల సంఖ్యతో పాటు గంటలూ చూడాలి.

మనకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మన నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నుంచి 2012 మధ్య 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న చోట, ఉపాధి హామీ కూలిని స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే పద్ధతిని లాటరీ తీసినట్టు కొన్ని మండలాల్లో ముందు, కొన్నింట్లో తర్వాత పెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఫలితాలు కొలిచారు. ముందు పెట్టిన మండలాల్లో పేద కుటుంబాల సంపాదన 13, 14 శాతం పెరిగింది. అసలు విశేషం, ఆ పెరుగుదలలో అత్యధిక భాగం ఉపాధి హామీ నుంచి రాలేదు, బయటి కూలి పనుల నుంచి వచ్చింది. సర్కారు పని కూలి సక్రమంగా అందుతుందన్న నమ్మకం కలిగాక, తక్కువ కూలికి రమ్మంటే రానని చెప్పే ధైర్యం వచ్చింది. రైతులు ఎక్కువ ఇచ్చి పిలిచారు. బయటి పనిదినాలు తగ్గలేదు, పైగా పెరిగాయి. ఊళ్లో పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉండి కూలిని వాళ్లే నిర్ణయించేచోట, కూలి రేటు కొంత పెరిగితే పని తగ్గాలన్న నియమం లేదు. ఇన్‌స్పెక్టర్ అడుగు పెట్టకుండానే కనీస వేతనం అమలైన పద్ధతి అది.

కాగితం మీద పెరిగి, చేతికి రాకుండా పోయేది ఎక్కడ

1957 భారత కార్మిక సమావేశం కనీస వేతనానికి సూత్రం చెప్పింది. మనిషికి 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, పైన ఇంధనానికీ ఇతర ఖర్చులకూ 20 శాతం. తర్వాత సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం లాంటివాటికి మరో 25 శాతం కలపమంది. ఆ సూత్రంతో తేలే మూల వేతనాన్ని ఐదేళ్లకు మించకుండా సవరించాలి. మధ్యలో ధరల సూచీనిబట్టి కరువు భత్యం కలుపుతారు, కేంద్ర పరిధిలో ఏప్రిల్ 1న, అక్టోబరు 1న. మూలాన్ని పదేళ్లు కదపకుండా భత్యం మాత్రం కలుపుతూ పోతే కూలీ ఉన్నచోటే ఉంటాడు, దేశ ఆదాయం మాత్రం ముందుకు పోతుంది.

రెండో గండి ఈఎస్ఐ. 2024 అక్టోబరు రేట్ల ప్రకారం హైదరాబాద్ లాంటి ఏ-ప్రాంతంలో (పెద్ద నగరాల వర్గం) కేంద్ర ప్రభుత్వ పరిధిలోని పనుల్లో నైపుణ్యం లేనివారికి రోజుకు 783, నెలకు 20,358. కొద్ది నైపుణ్యం ఉన్నవారికి 868, నెలకు 22,568. ఈఎస్ఐ వర్తించే నెల జీతం పరిమితి 21,000. అంటే ఒక మెట్టు పైకెక్కిన కార్మికుడు 2,210 ఎక్కువ తెచ్చుకుని కుటుంబమంతటి వైద్య బీమా పోగొట్టుకుంటాడు. వేతనం పెంచేవాళ్లు ఈ పరిమితిని కూడా పెంచకపోతే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. మూడోది, నైపుణ్యం ఉన్నవాణ్ని లేనివాడిగా రాసుకోవడం. పేస్లిప్పులో హోదా ఏం రాశారో చూసుకోవడం అందుకే ముఖ్యం.

అన్నిటికంటే పెద్ద హద్దు వేరే ఉంది. 2023-24 కార్మిక సర్వే ప్రకారం పనిచేసేవారిలో 58.4 శాతం స్వయం ఉపాధి. కౌలు రైతు, ఆటో డ్రైవరు, బండి మీద ఇడ్లీలు అమ్మే ఆవిడ. వీళ్లకు వేతనమిచ్చే యజమాని లేడు, ఆదాయ పన్ను రిటర్నూ లేదు. ఆదాయ పన్ను కోతా, వేతన పెంపూ నేరుగా వీళ్లను తాకవు. తాకేది జీఎస్టీ తగ్గింపు, ఆపైన చుట్టుపక్కల కూలీల చేతిలో డబ్బు ఆడి వీళ్ల సరుకు అమ్ముడుపోవడం.

అందుకే వరుస పెట్టమంటే మా వరుస ఇది. రోజువారీ సరుకుల మీద జీఎస్టీ కోత ముందు. దానితో సమానంగా, ఏడాదికి రెండుసార్లు చిన్న మెట్లలో కనీస వేతన పెంపు. పదేళ్లు ఊరుకుని ఒక్కసారి 40 శాతం పెంచితే చిన్న యూనిట్లు నిజంగానే మూతపడతాయి, తప్పు పెంపుది కాదు, ఆలస్యానిది. మధ్యతరగతి ఆదాయ పన్ను కోత తర్వాత వస్తుంది. అది న్యాయమైన ఊరట, గిరాకీకి మాత్రం బలహీనమైన మందు. కంపెనీల పన్ను కోత చివర. రోజుకు 50 రూపాయల లెక్కన లక్ష కోట్లంటే 6.4 కోట్ల మంది కూలీలకు ఏడాది పొడవునా పెంపు. అది ఖజానా సొమ్ము కాదు, యజమానులు ఇచ్చేదే. అయినా ఎంత డబ్బు ఎన్ని ఇళ్లకు చేరుతుందో ఆ పోలిక చెబుతుంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, జాబితాలో (షెడ్యూలులో) ఉన్న పనులకే కనీస వేతనమన్న గీత చెరిపేసి ఉద్యోగులందరికీ కనీస వేతనం హక్కు ఇచ్చింది. కేంద్రం నిర్ణయించే అడుగు వేతనానికి తక్కువగా ఏ రాష్ట్రమూ పెట్టకూడదు, ఇప్పటికే ఎక్కువ ఇస్తున్నచోట తగ్గించకూడదు. చట్టబద్ధం కాని పాత జాతీయ అడుగు వేతనం 2019 నుంచి రోజుకు 178 రూపాయలు. కేంద్రం వేసిన అనూప్ సత్పతి కమిటీ అదే ఏడాది, 2018 జులై ధరల మీద, 375 ఉండాలని లెక్క కట్టింది. కోడ్ కింద ఖరారయ్యే అంకె ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉంటుందన్నదే మన అడ్డా కూలీకి ఏ బడ్జెట్ ప్రసంగం కంటే పెద్ద వార్త.