క్యూబెక్‌లో తొలి ఫ్రెంచివాళ్ల రోగాలూ పెళ్లిళ్లూ: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

కెనడాలోని క్యూబెక్ వెళ్లినవాళ్లు చాలామంది కోటగోడ, షాతో ఫ్రొంతెనాక్ హోటల్ చూసి తిరిగొచ్చేస్తారు. తొలి ఫ్రెంచివాళ్లు ఆ చలిలో ఎలా బతికి బట్టకట్టారో తెలియాలంటే మాత్రం పాత ఊళ్లోని అగస్టీన్ సన్యాసినుల మఠంలో బస చేయాలి. 1639 ఆగస్టులో దియెప్ రేవు నుంచి వచ్చిన ముగ్గురు సన్యాసినులు మొదలుపెట్టిన ఆసుపత్రి తాలూకు మఠమిది. వాళ్లు దిగీ దిగగానే మశూచి సోకిన స్థానిక తెగలవాళ్లు రావడం మొదలైంది. 1665లో సైనికుల ఓడలు వచ్చేసరికి రోగులకు మంచాలు చాల్లేదు.

గదులు రెండు రకాలు. పాత సన్యాసినుల గదుల్లో ఇరుకు మంచం, బయట అందరికీ కలిపి స్నానాల గదులు. కొత్తవాటిలో సొంత బాత్రూమ్ ఉంటుంది. పెద్దవాళ్లను తీసుకెళ్తే కొత్తవే తీసుకోండి. టీవీ ఉండదు, పొద్దున టిఫిన్ మౌనంగా తినాలి. అల్లరి చేసే పిల్లలుంటే వేరే చోటు చూసుకోవడం మేలు. రైలు స్టేషన్ దగ్గరే గానీ దారంతా ఎత్తు, చక్రాల సూట్‌కేసులకు టాక్సీయే నయం.

కార్టియే-బ్రెబఫ్ పార్కుకు ఒక పూట చాలు. 1535-36 చలికాలంలో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే మనుషులు 110 మందిలో 25 మంది ఇక్కడే పోయారు, ఎక్కువగా విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీతోనే. చిగుళ్లు కుళ్లి, కాళ్లు వాచి మంచం పట్టినవాళ్లను కాపాడింది స్థానికులు చెప్పిన కషాయం. అనెడ్డా చెట్టు బెరడు, ఆకులు కలిపి మరిగించి రోజు విడిచి రోజు తాగాలి, పిప్పిని వాచిన కాళ్లకు కట్టాలి. ఆ చెట్టు తెల్ల సెడార్ అని ఎక్కువమంది అభిప్రాయం. దాన్లో విషపదార్థమూ ఉంది, ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి.

పెళ్లిళ్ల సంగతికి మాంట్రియల్ వెళ్లాలి, రైల్లో మూడు గంటలు పైనే. 1663-1673 మధ్య ఇక్కడి వలస మగవాళ్లను పెళ్లాడడానికి రాజు ఖర్చుతో ఎనిమిది వందల మంది దాకా అమ్మాయిలు ఫ్రాన్స్ నుంచి వచ్చారు. ఒక్కొక్కరి పెట్టెలో నూరు సూదులు, వెయ్యి గుండుసూదులు, దువ్వెన, కత్తెర, రెండు చాకులు, మేజోళ్లు, రెండు లివ్రల డబ్బు. కట్నంగా కొందరికి 50 లివ్రలు ఇచ్చేవారు. పెళ్లాడతానని వచ్చినవాణ్ణి వాళ్లు మొదట అడిగేది ఇల్లుందా అని. నోటరీ దగ్గర ఒప్పందం రాసుకున్నాక కూడా చర్చిలో పెళ్లయ్యేలోపు రద్దు చేసుకోవచ్చు, కొందరు చేసుకున్నారు కూడా.

వాళ్లలో కొందరికి సన్యాసిని మార్గరీట్ బుర్జ్వా ఆశ్రయమిచ్చిన పొలం మెజోన్ సెయిన్-గాబ్రియెల్. అయితే ఇప్పుడున్న ఇల్లు 1698 నాటిది, వాళ్లు నిద్రపోయిన గదులే ఇవి అనుకోకండి. అయినా రాతి తొట్టి, పైకప్పు దూలాలు చూడ్డానికే వెళ్లొచ్చు. గైడ్ లేకుండా తిరిగితే సగం అర్థం కాదు, ఇంగ్లీషు టూర్ వేళలు ముందే కనుక్కోండి.

గైడ్ చెప్పకపోయినా తెలుసుకోవాల్సింది ఒకటుంది. క్యూబెక్‌లో కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా మగవాళ్లకు వచ్చే లెబర్ అంధత్వం (కంటి నరం దెబ్బతిని చూపు పోయే వంశపారంపర్య జబ్బు) మూలం 1669లో పెళ్లయిన అలాంటి ఒక అమ్మాయి దగ్గర తేలింది. మన మేనరికాల లెక్క కాదిది. ఎవర్ని చేసుకున్నా తల్లి నుంచే పిల్లలకు దిగుతుంది, కొడుకు నుంచి ముందుకు పోదు. కూతుళ్ల ద్వారా ఇన్ని తరాలు నడిచింది.